ఎవరూ లోపలికి పిలవని పిల్లలు

పటేల్‌గూడలో మా అపార్ట్‌మెంట్ వెనక మూడేళ్ల కింద ఒక బాక్స్ క్రికెట్ టర్ఫ్ వెలిసింది. నాలుగు పక్కలా, పైనా వల, కింద ప్లాస్టిక్ గడ్డి, పెద్ద పెద్ద లైట్లు. గంటల లెక్కన అద్దె. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్లు, గచ్చిబౌలి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా ఇల్లు చేరిన సాఫ్ట్‌వేర్ వాళ్లు తలా కొంత వేసుకుని రాత్రి పదకొండు దాకా ఆడతారు. నా పడకగది కిటికీ అటే. నిద్ర పట్టని రాత్రుళ్లు వాళ్ల కేకల్ని బట్టి ఎవరు గెలుస్తున్నారో చెప్పగలను. ఈ మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆ వల లోపల ఆడగొంతు వినబడలేదు. టర్ఫ్ వాళ్లు ఎవర్నీ వద్దనరు. ఆడవాళ్లు రాకూడదని బోర్డేమీ లేదు. డబ్బు కడితే ఎవరైనా ఆడుకోవచ్చు. మరి అదే ఫ్యాక్టరీల ప్యాకింగ్ సెక్షన్ల నుంచి అదే వేళకి షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఎక్కడున్నారు? ఈ ప్రశ్నకి జవాబు ఈ పేజీలు చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. "ఆడపిల్లలకి ఆటల మీద ఆసక్తి తక్కువండీ" అన్న మాట స్టాఫ్ రూముల్లో ఎన్నోసార్లు విన్నాను, బాగా చదువుకున్న స్త్రీల నోట కూడా. ఆసక్తి సంగతి తర్వాత చూద్దాం. ముందు సాయంత్రం ఎవరిది అని అడగాలి. ఇవాళ మనం క్రీడ అంటున్నది, అంటే నియమాల పుస్తకం, జట్టు, కెప్టెన్, కప్పు, వీటన్నిటి మీదా ఒక సంఘం, ఇదంతా సాయంత్రాలు పూర్తిగా తమవే అయిన పిల్లల చేతుల్లో తయారైంది. ఇంగ్లండులో, డబ్బున్న ఇళ్ల మగపిల్లల బోర్డింగు బళ్లలో. ఆ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు మా ఇంట్లోనే కొంత తెలిసింది.

మా నాన్న బి.హెచ్.ఇ.ఎల్.లో మెషినిస్టు. రామచంద్రాపురం క్వార్టర్సులో పెరిగాం. నాకంటే రెండేళ్లు పెద్దయిన అన్నయ్యకి పదేళ్లప్పుడు ప్రవేశపరీక్షలో మార్కులొచ్చి ఒక మగపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో సీటొచ్చింది. పేరున్న బడి. ఆ పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు పంపిన జాబితాలో తెల్ల ప్యాంట్లు రెండు, తెల్ల చొక్కాలు రెండు, కాన్వాస్ బూట్లు ఒక జత అని ఉంది. ప్రతి బట్ట మీదా వాడి నంబరు కుట్టాలి. అమ్మ ఎర్రదారంతో కుడుతుంటే సూదిలో దారం ఎక్కించే పని నాది. అమ్మకి ఇంగ్లీషు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. కాబట్టి కొడుకు పేరు కాకుండా నంబరు కుట్టమనడం ఆవిడకి సుళువైంది. "పేరెందుకు రాయమన్లేదో" అని మాత్రం ఒకసారి అంది.

దసరా సెలవులకి వాడు కొత్త భాషతో వచ్చాడు. హౌసు, కలరు, ఫిక్చరు, ట్వెల్త్ మ్యాన్. నన్ను వేపచెట్టు కింద కూర్చోబెట్టి స్కోరు రాయడం నేర్పాడు. పరుగు రాని బంతికి చుక్క, వికెట్టుకి డబ్ల్యూ, మెయిడెన్ ఓవర్ అయితే ఆ ఆరు చుక్కలూ కలిపి ఎమ్. పరుగులివ్వని ఓవర్‌ని కన్యతో పోల్చిన ఆ మాట గురించి ఆలోచించడానికి నాకింకా చాలా ఏళ్లు పట్టింది! క్వార్టర్సులో మగపిల్లలంతా చేరేవారు. నేనూ ఆడతానంటే "నువ్వు స్కోరర్‌వి" అనేవాడు, అదేదో పదవి ఇచ్చినట్టు. ఐదున్నరకి అమ్మ కేకేసేది. అప్పుడు పుస్తకం మూసి లోపలికెళ్లి గిన్నెలు తోమి, బియ్యం ఏరి, మళ్లీ వచ్చేసరికి రెండు వికెట్లు పడి ఉండేవి. ఎవరెలా అవుటయ్యారో అడిగి రాసుకునేదాన్ని. ఆ పాత పుస్తకాల్లో రోజూ ఐదున్నర దగ్గర చేతిరాత మారుతుంది.

తలంటు పోస్తున్నప్పుడు అమ్మ వాడి వీపు చూసింది. బంతి తగిలిందన్నాడు. బంతి అంత పొడుగ్గా తగలదని అమ్మకి తెలియదా? ఏమీ అనలేదు. కుంకుడుకాయ పులుసు కళ్లలో పడిందన్న వంకతో తనే కళ్లు తుడుచుకుంది. నలభై దాటాక ఒక రాత్రి వాడే నాతో చెప్పాడు. పెద్ద క్లాసుల వాళ్ల బూట్లకి తెల్లసుద్ద పుయ్యడం, నెట్స్ దగ్గర ఎండలో నించుని వాళ్లు కొట్టిన బంతులు ఏరుకు రావడం చిన్న క్లాసుల పని. "బంతి ఆపలేకపోతే ఒక దెబ్బ. ఏడిస్తే రెండు. అదీ రూలే" అన్నాడు నవ్వుతూ. మరుక్షణమే ఆ బడే తనని మనిషిని చేసిందన్నాడు. ఆ రెండు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. పదకొండేళ్ల పిల్లాడికి అక్కడ ఏడవకుండా ఉండటం నేర్పారు. పద్నాలుగేళ్లొచ్చేసరికి వాడూ చిన్నవాళ్ల చేత బూట్లకి సుద్ద పుయ్యించాడట.

తర్వాతెప్పుడో చరిత్ర చదువుతుంటే ఆ బూట్లు మళ్లీ కనబడ్డాయి. ఇంగ్లండులో ఈటన్, హారో, రగ్బీ, వించెస్టర్ లాంటి బళ్లలో చిన్నపిల్లలు పెద్దవాళ్లకి నౌకర్లుగా ఉండే ఆచారం ఉండేది. టీ కాచాలి, బూట్లు తుడవాలి, ఆటలో పెద్దలకి నచ్చని చోట నిలబడాలి. రగ్బీ బడిలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు చిన్నపిల్లల్ని గుంపుగా గోలు దగ్గర కాపలా నిలబెట్టేవారు. ఇంట్లో దాసీలు చేసే పని బళ్లో చిన్నపిల్లలు చేశారన్నమాట. ఆడవాళ్లు లేని చోట ఆడపని మాయమవదు. బలహీనుడి మీద పడుతుంది. స్త్రీవాదులు ఇంటి గురించి చెప్పిన ఈ మాటకి ఇంతకంటే శుభ్రమైన ప్రయోగశాల దొరకదు.

ఆ బళ్లలో ఆటలు ముందు నుంచీ ఉన్నాయిగానీ పంతొమ్మిదో శతాబ్దం మధ్యకి వాటి హోదా మారిపోయింది. కారణం చాలా సాదా. తల్లిదండ్రులకి దూరంగా, కాలక్షేపం లేక, వందల మంది మగపిల్లలు ఒకచోట ఉంటే ఏమవుతుంది? తాగుడు, వేట, ఊరివాళ్లతో గొడవలు, తిరుగుబాట్లు. మాల్‌బరో బళ్లో 1851లో పిల్లలు పెద్ద తిరుగుబాటే చేశారు. మరుసటి ఏడు వచ్చిన హెడ్మాస్టరు జార్జ్ కాటన్ కనిపెట్టిన మందు ఆటలు. మధ్యాహ్నాలన్నీ మైదానంలో, బడి కళ్ల ముందే గడిచేలా చేశాడు. అలిసిన పిల్లాడు కుదురుగా ఉంటాడు. శీలం, ధైర్యం, నాయకత్వం అన్న పెద్ద మాటలు తర్వాత వచ్చి చేరాయి. ఈ కాటనే 1858లో కలకత్తా బిషప్పుగా మన దేశం వచ్చాడు. సిమ్లాలో 1859లో మొదలైన బిషప్ కాటన్ స్కూలు ఆయన పెట్టిందే. అంటే ఆ మందు పడవెక్కి మన దాకా రావడానికి పదేళ్లు కూడా పట్టలేదు.

నియమాలు రాసింది కూడా పిల్లలే. ఏ బడి ఆట దానిదే. రగ్బీకి విశాలమైన గడ్డి మైదానం ఉంది కాబట్టి బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తడం, కిందపడెయ్యడం కుదిరాయి. చార్టర్‌హౌస్ పిల్లలు రాతి వసారాల్లో ఆడారు. అక్కడ పడితే తల పగులుతుంది గనక బంతిని కాళ్ల మధ్య ఒడుపుగా నడిపించడం నేర్చారు. రగ్బీలో 1845లో ముగ్గురు పెద్ద విద్యార్థులు నియమాలు కాగితం మీద పెట్టారు. వీళ్లంతా విశ్వవిద్యాలయాలకి వెళ్లాక ఎవరి ఆట ఆడాలన్న పేచీ వచ్చింది. కేంబ్రిడ్జిలో 1848లో ఒక ఉమ్మడి నియమావళి చేసుకున్నారు. 1863 అక్టోబరులో లండన్‌లో ఒక సత్రంలో కూర్చుని ఫుట్‌బాల్ సంఘం పెట్టారు. అక్కడ అసలు తగువు దేని మీదో తెలుసా? ఎదుటివాడి కాలిపిక్క మీద తన్నే హక్కు మీద. అది తీసేస్తే ఆటలో మగతనం పోతుందని బ్లాక్‌హీత్ క్లబ్బు అలిగి బయటికెళ్లింది. వీళ్ల వైపు వాళ్లే 1871లో రగ్బీ సంఘం పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే ఆ సంఘం కూడా పిక్కల మీద తన్నడాన్ని తన నియమాల్లోంచి తీసేసింది.

కప్పు కూడా బళ్లోంచే వచ్చింది. ఫుట్‌బాల్ సంఘం కప్పు పోటీ పెట్టాలని 1871లో ప్రతిపాదించిన సి.డబ్ల్యూ. ఆల్కాక్ హారోలో చదివినవాడు. ఆ బళ్లో హౌసుల మధ్య జరిగే, ఓడినవాళ్లు తప్పుకునే పోటీయే ఆయనకి నమూనా. ఇవాళ ప్రపంచమంతా చూసే నాకౌట్ పోటీ, మా అన్నయ్య దసరాకి మోసుకొచ్చిన ఎర్ర హౌసు నీలం హౌసు గొడవ, రెంటికీ ఒకే తాత.

రగ్బీకి ఒక పుట్టుక కథ కూడా తయారుచేశారు. 1823లో విలియం వెబ్ ఎలిస్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ ఉన్నట్టుండి బంతి చేత పట్టుకుని పరిగెత్తాడట. అతను 1872లో చనిపోయాక, అది తన కళ్లతో చూడని ఒక పూర్వవిద్యార్థి ఈ సంగతి బయటపెట్టాడు. 1895లో పూర్వవిద్యార్థుల సంఘం విచారణ చేసి గట్టి సాక్ష్యం దొరక్కపోయినా దాన్ని ఖాయం చేసింది. అదే ఏడు ఉత్తరాది క్లబ్బులు, గనుల్లో మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లకి పోయిన కూలి కట్టివ్వాలని పట్టుబట్టి విడిపోయాయి. ఆట తమదేనని చెప్పుకోవాల్సిన అవసరం బళ్లవాళ్లకి సరిగ్గా ఆ ఏడే గట్టిగా వచ్చిందన్నమాట. రగ్బీ ప్రపంచ కప్పుకి ఇవాళ్టికీ వెబ్ ఎలిస్ పేరే. పురాణాలు మనకే ఉన్నాయని అనుకుంటాం.

కూలి ఊసొచ్చింది గనక ఫ్యాక్టరీల మాటా చెప్పాలి. పటాన్‌చెరు పక్కన ఉంటూ ఆ మాట దాటెయ్యలేను. బ్రిటన్‌లో 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం స్త్రీలకీ, చిన్నవయసు వాళ్లకీ శనివారం మధ్యాహ్నం రెండింటికి పని ఆపాలంది. బట్టల మిల్లుల్లో వాళ్లు లేకపోతే యంత్రాలు నడవవు గనక మగవాళ్లకీ సెలవే అయింది. ఇంగ్లండు ఫుట్‌బాల్ శనివారం మూడింటికి మొదలవడం వెనక ఈ చట్టం ఉంది. ఆడవాళ్ల పేరుతో వచ్చిన ఖాళీ మధ్యాహ్నం మగవాళ్ల ఆట అయింది. ఆడవాళ్లు ఆ మధ్యాహ్నం వారం బట్టలు ఉతుక్కున్నారు. 1883లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే కార్మికుల జట్టు ఈటన్ పూర్వవిద్యార్థుల్ని కప్పు ఫైనల్లో ఓడించినప్పుడు నాకెంత సంతోషంగా ఉంటుందో, ఆ కార్మికుల ఇళ్లలో శనివారం ఎలా గడిచిందో తల్చుకుంటే అంత చిరాకూ వేస్తుంది.

ఒకసారి మాత్రం లెక్క తిరగబడింది. మొదటి ప్రపంచయుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లాక ఆడవాళ్లు ఆయుధ కర్మాగారాల్లో చేరారు. ప్రెస్టన్‌లోని డిక్ కెర్ ఫ్యాక్టరీ స్త్రీలు 1917లో జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ల ఆట చూడటానికి 53 వేల మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ సంఘం తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని తీర్మానించింది. ఆట స్త్రీలకి తగినది కాదట! ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్లుంది. బోర్డింగు బళ్లలో ఆడపిల్లలు లేకపోవడం ఎవరూ చేసిన నిషేధం కాదు, అక్కడసలు వాళ్లు లేరు. ఇక్కడ లేకుండా చెయ్యాల్సి వచ్చింది. ఆ రెంటికీ మధ్య దూరం చాలా తక్కువ.

బ్రిటన్‌లో సెయింట్ లెనార్డ్స్, రోడీన్ లాంటి ఆడపిల్లల బోర్డింగు బళ్లు కూడా 1870ల నుంచి వచ్చాయి. హాకీ, లక్రాస్, క్రికెట్ అన్నీ ఆడించాయి. అవీ ధనికుల బళ్లే. కానీ వాళ్లకి దొరికిన మొదటి వరం ఆట కాదు, ఇంటికి దూరం. టీ పోయడానికి పిలిచే తల్లి లేదు.

ఇక మన వైపు. రాజ్‌కోట్‌లో రాజ్‌కుమార్ కాలేజీ 1870లో, అజ్మీర్‌లో మేయో కాలేజీ 1875లో తెరిచారు. సంస్థానాల వారసుల్ని అంతఃపురాల నుంచి, అంటే ఆడవాళ్ల చేతుల్లోంచి తప్పించడం వాటి ఉద్దేశాల్లో ఒకటి. జెనానా ప్రభావం పిల్లల్ని పాడుచేస్తుందని బ్రిటిష్ అధికారులు గట్టిగా నమ్మారు. దానికి విరుగుడుగా గుర్రపుస్వారీ, క్రికెట్. రంజిత్‌సింహ్‌జీ రాజ్‌కోట్ నుంచి వచ్చాడు. మన విజయనగరం చిన్న రాజకుమారుడు, లోకం 'విజ్జీ' అన్న మనిషి, మేయోలో చదివాడు. ఆయన 1936లో భారత జట్టుకి కెప్టెన్‌గా ఇంగ్లండు వెళ్లాడు. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశాడు. లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపించేశాడు. నాలుగేళ్ల ముందు, 1932లో, లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకి కెప్టెన్‌గా ఉన్న సి.కె. నాయుడు ఆ 1936 జట్టులో ఆయన కింద ఆడాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, రాజకుమారుడు కాడు. 1932లో కూడా ఆ పదవి ఆయనకి దక్కింది, కెప్టెన్‌గా వెళ్లిన పోర్‌బందర్ మహారాజా తప్పుకున్నాడు కాబట్టి. ఆటగాడు వేరు, నాయకుడు వేరు. నాయకుడు తయారయ్యే చోటు మైదానం కాదు, బడి.

సి.కె. నాయుడు గురించి మనవాళ్లు ఎన్నో వ్యాసాలు రాశారు. ఆయన కూతురు చంద్ర నాయుడు గురించి ఎంతమంది రాశారు? ఇండోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేసిన ఆవిడ, 1977లో బొంబాయి, ఎం.సి.సి. జట్ల మధ్య ఇండోర్‌లో జరిగిన మ్యాచ్‌కి వ్యాఖ్యానం చెప్పింది. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన మొదటి స్త్రీగా ఆవిణ్ణి చెప్పుకుంటారు. తండ్రి మీద 1995లో పుస్తకం రాసింది. 2021లో చనిపోయింది. ఆవిడ తలపుకొచ్చినప్పుడల్లా వేపచెట్టు కింద నా స్కోరు పుస్తకం గుర్తొస్తుంది. ఆడకుండా ఆటని అంత దగ్గరగా తెలుసుకున్న ఆడవాళ్లు ఎంతమందో.

హైదరాబాదులో ఈ కథ బేగంపేటలో నడిచింది. ఏడో నిజాం కాలంలో, 1923లో, జాగీర్దార్ల కొడుకుల కోసం ఈటన్ నమూనాలో జాగీర్దార్స్ కాలేజీ పెట్టారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. బడి మాత్రం మిగిలింది, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అన్న కొత్త పేరుతో. ఆడపిల్లలు అందులోకి వచ్చింది 1980ల చివర్లో గానీ కాదు. అక్కడ చదివిన సత్య నాదెళ్ల 2017లో వచ్చిన తన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో బడి క్రికెట్ తనకి నాయకత్వం నేర్పిందని రాశాడు. తను సరిగా బౌలింగ్ చెయ్యలేకపోతుంటే కెప్టెన్ బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, మళ్లీ తనకే బంతి ఇచ్చాడట. మంచి సంఘటన. అలా బంతి తిరిగి చేతిలో పెట్టే కెప్టెన్ ఆ ఏళ్లలో మన అమ్మాయిల్లో ఎంతమందికి దొరికాడు? అసలు మొదటిసారి బంతి ఇచ్చిందెవరు?

ఆ తర్వాత ప్రజాప్రభుత్వాలు పెట్టిన బళ్లు కూడా ఈ దారిలోనే నడిచాయి. విజయనగరం రాజులిచ్చిన కోరుకొండ కోటలో 1962లో సైనిక్ స్కూలు మొదలైంది. సైనిక్ స్కూళ్లన్నిటి తలుపులూ ఆడపిల్లలకి తెరుస్తామని ప్రకటన వచ్చింది 2021లో. అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో 1971లో పెట్టిన మన మొదటి గురుకుల పాఠశాల పల్లెటూరి పేద పిల్లల కోసం. గొప్ప ఆలోచన. అదీ మగపిల్లలకే.

ఇంతకీ ఆడపిల్లలు ఆటలు ఆడలేదా? తొక్కుడుబిళ్ల, అచ్చనగండ్లు, వామనగుంటలు, ఒప్పులకుప్ప, తాడాట. వాటికి నియమాలు లేవా? గీత తొక్కితే ఔటే. రాయి కదిలితే చెయ్యి మారాల్సిందే. క్వార్టర్సులో మేం గీతల కోసం పోట్లాడినంతగా బ్లాక్‌హీత్ క్లబ్బు కూడా పోట్లాడి ఉండదు. తేడా నియమాల్లో లేదు, తీరికలో ఉంది. ఆ ఆటలన్నీ వసారాలో, వాకిట్లో, కేకేస్తే వినబడేంత దూరంలో ఆడేవి. ఏ క్షణమైనా వదిలేసి మళ్లీ వచ్చి అందుకోగలిగేవి. చంకలో తమ్ముడితోనే ఆడగలిగేవి. తొంభై నిమిషాలు ఆగకుండా, లేదా ఐదు రోజులు, భోజనం టీ ఎవరో తెచ్చిపెడుతుండగా ఆడే ఆటని ఊహించాలంటే తనని ఎవరూ లోపలికి పిలవరన్న ధీమా ఉండాలి. తొక్కుడుబిళ్లకి సంఘం లేదు, కప్పు లేదు, వెబ్ ఎలిస్ లేడు.

మన చెడుగుడు ఏ బోర్డింగు బళ్లోనూ పుట్టలేదు. కబడ్డీగా దేశమంతా ఒక నియమావళి కిందికొచ్చి, 1936లో బెర్లిన్‌లో ప్రదర్శనగా ఆడి, 1990లో ఆసియా క్రీడల్లో చేరింది. ఆడవాళ్ల కబడ్డీ అక్కడికి చేరింది 2010లో. పొలాల్లో పుట్టిన ఆటకి కూడా సంఘం పెట్టుకునేసరికి ఆ పాత బళ్ల అలవాట్లే వచ్చాయి, ఇరవై ఏళ్ల ఆలస్యంతో సహా.

ఇదంతా పాత చరిత్రలా వదిలేద్దామంటే వదలదు. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు సాంఘిక సంక్షేమ గురుకులంలో తొమ్మిదో తరగతి. కబడ్డీ ఆడుతుంది. బక్కగా ఉంటుందిగానీ పట్టు పడితే విడిపించుకోవడం కష్టమని వాళ్ల పీఈటీ చెప్పిందట. కిందటేడు సెలవులకి వచ్చినప్పుడు నన్నొక ప్రశ్న అడిగింది. "మేడమ్, మగపోరగాండ్ల కోర్టు పదమూడు మీటర్లు, పది మీటర్లు. మాది పన్నెండు, ఎనిమిది. ఎవరు తగ్గించిన్రు మేడమ్?" నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఇంత సూటి ప్రశ్న తరగతి గదిలో తగల్లేదు.

ఆ సెలవుల్లో ఆ పిల్లకి సాధన చెయ్యడానికి చోటు లేదు. పటేల్‌గూడలో ఖాళీ నేల ఉన్నచోటల్లా విల్లాలు లేచాయి. మిగిలిన చోట మగపిల్లల క్రికెట్. అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, పక్షులకైనా కొంత చోటు చట్టంలో ఉంది. ఈ పిల్ల తెల్లారి ఐదింటికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య గుంజీళ్లు తీసేది. వాచ్‌మన్ భార్య ఎవరూ రాకుండా చూసేది.

ఈ ఏడు కబడ్డీకి ప్రత్యేక శిక్షణ ఇచ్చే ఇంకో హాస్టలుకి ఎంపికైంది. చాలా దూరం. తండ్రి వద్దన్నాడు. పదో తరగతి అయ్యాక సంబంధం చూద్దామని ఆయన తరపు వాళ్లు అప్పుడే మాటలు మొదలెట్టారు. ఒకరోజు గిన్నెలు తోముతూ ఆమె నన్నడిగింది. "మేడమ్, పంపాల్నా వద్దా? మీరు చదువుకున్నోళ్లు. ఆడ పిల్ల ఎట్లుంటదో ఏమో. ఇంటికాడుంటే నా కండ్ల ముంగటుంటది. కానీ ఇంటికాడుంటే అది నా లెక్కనే అయితది."

నాకు అమ్మా, కుంకుడుకాయ పులుసూ గుర్తొచ్చాయి. మగపిల్లల్ని తల్లుల నుంచి లాక్కెళ్లి, దెబ్బలు తినడం కొట్టడం నేర్పి, పాలించడానికి తయారుచేసిన చోటు బోర్డింగు బడి. అందులో ఈ పిల్లకేమిటి పని? అదే సమయంలో నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన అమ్మాయి మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఇంట్లో ఉంటే ఆమెకి ఆ కొండ పేరైనా తెలిసేదా? సికింద్రాబాద్‌లో మిథాలీ రాజ్‌కి క్రికెట్ దొరికింది అన్నతోపాటు శిక్షణ శిబిరానికి వెళ్లడం వల్ల. ఆమె తరం వాళ్లు రిజర్వేషన్ లేని బోగీల్లో తిరిగి దేశానికి ఆడారు. ఆడవాళ్ల క్రికెట్‌ని బి.సి.సి.ఐ. తన కిందికి తీసుకున్నది 2006లో. 2025 నవంబరు 2న ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి, కడప అమ్మాయి శ్రీచరణి ఉన్నారు. ఆ రాత్రి వెనక టర్ఫ్‌లో మగపిల్లలు ఆట ఆపి ఫోన్లలో మ్యాచ్ చూశారు. ఇక కట్టిపెట్టి పడుకోమని ఎవరూ వాళ్లని కేకెయ్యలేదు, నేను కూడా.

బోర్డింగు బడి మగపిల్లాడికి ఇచ్చేదీ ఆడపిల్లకి ఇచ్చేదీ ఒకటి కాదని నా నమ్మకం. వాడికి ఇంట్లో ముందే ఉన్న అధికారానికి యూనిఫాం తొడుగుతుంది. ఈమెకి సాయంత్రాన్ని ఇస్తుంది. అలాగని హాస్టలంటే స్వర్గమని చెప్పను, దెబ్బలకి ఆడా మగా తేడా లేదు. అందుకే ఆమెకి పంపమనీ వద్దనీ చెప్పలేదు. ఇద్దరం వెళ్లి చూసొద్దామన్నాను. ఒక ఆదివారం బస్సులో వెళ్లాం. ఆమె నాకంటే మంచి ప్రశ్నలు అడిగింది. బాత్రూములకి లోపల గడియలున్నాయా? రాత్రిపూట వార్డెన్ ఎక్కడ పడుకుంటుంది? కోచ్ ఆడమనిషా? నెలసరి వచ్చినప్పుడు ఆడనంటే ఏమంటారు? పెద్దపిల్లలు చిన్నపిల్లల చేత బట్టలు ఉతికిస్తారా? ఆ చివరి ప్రశ్నకి వార్డెన్ కాస్త తడబడి లేదంది. ఆమె అక్కడే బావి దగ్గర బట్టలు ఉతుక్కుంటున్న ఒక చిన్నపిల్లని పిలిచి, ఆ బట్టలు ఎవరివని అడిగింది. తనవేనంది ఆ పిల్ల. సైజు పట్టి చూసి మరీ నమ్మింది.

దరఖాస్తులో తండ్రి సంతకానికి ఒక గడి ఉంది. ఆయన పెట్టలేదు. సంరక్షకుల గడిలో ఆమె పెట్టింది. పిల్ల జూన్‌లో వెళ్లింది.

మొన్న సాయంత్రం ఆమెకి జీతం ఇవ్వడానికి వాళ్లింటి వైపు వెళ్లాను. పన్నెండేళ్ల కొడుకు సందులో తోటి పిల్లలతో క్రికెట్ ఆడుతున్నాడు. ఇటుకల వికెట్లు, టెన్నిస్ బంతి. ఇంతకుముందు అక్క చేసే పనులు ఇప్పుడు వాడివి. ఆమె గుమ్మంలోకి వచ్చి కేకేసింది.

"ఒరేయ్, లోపటికి రా. బోళ్లు తోము."

"ఇంకో రెండు ఓవర్లమ్మా!"

"ఓవర్లు అయినంక జూద్దాం గాని, ముందుగాల బోళ్లు."

వాడు బ్యాటు ఇంకొకడి చేతికిచ్చి, స్కోరెంతో గట్టిగా అరిచి చెప్పి, లోపలికి వెళ్లాడు.